లేత ఊపిరిగొట్టం

"ఆ మాస్కు తీసీ అత్తా! తీసీ ముందు!"

గౌతమి చంకలో బిందెను గుమ్మంలోనే వదిలేసి లోపలికి ఉరికింది. బిందె ఒరిగిపోయి నీళ్లు గదంతా పారాయి. ఎవరూ వాటి వంక చూడలేదు.

మంచం మీద నారాయణమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో ఏడు నెలల భాను గిలగిల కొట్టుకుంటున్నాడు. వాడి ముక్కూ నోరూ కప్పేస్తూ ఆకుపచ్చ మాస్కు, దానికో గొట్టం, ఆ గొట్టం చివర గరగరమంటూ ఆవిరి మిషను. వాడు ఏడుస్తున్నాడు గానీ ఏడుపు బయటికి రావడం లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

"ఆయాసపడతన్నాడే. బంగారయ్య డాట్రు ఆవిరెట్టమన్నాడు. నువ్వు నీళ్లకెల్లినావు, నానేటి సెయ్యను?"

 గౌతమి అత్త చేతుల్లోంచి పిల్లాణ్ని లాక్కున్నట్టే తీసుకుంది. ఆవిరి మాస్కు పీకేసి, గోడవారగా బల్ల మీదున్న రెండో మిషను మీట నొక్కింది. దాని గొట్టం చివర చిన్న మెత్తటి ముక్కుతొడుగు. దాన్ని వాడి ముఖానికి అదిమి పట్టీ బిగించింది. ఆక్సిజన్ పెంచింది. వాణ్ని బోర్లా తిప్పి తన ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని, రెండో చేత్తో వీపు నిమరడం మొదలుపెట్టింది.

"ఏటీ లేదు నానా... ఏటీ లేదు... అమ్మొచ్చీసింది..."

ఆమె గొంతులో కంగారు లేదు. కావాలనే లేదు. తల్లి కంగారు పడితే పిల్లాడికి తెలిసిపోతుందనీ, వాడు ఇంకా ఏడుస్తాడనీ, ఏడిచేకొద్దీ గొట్టం మూసుకుపోతుందనీ ఆమెకి విశాఖపట్నంలో నేర్పారు.

పాదానికి చుట్టిన తీగ చివర, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకెలు వెలుగుతున్నాయి. యాభై ఎనిమిది. అరవై రెండు. అరవై రెండు దగ్గరే చాలాసేపు ఆగింది. డెబ్భై. ఎనభై ఒకటి.

తొంభై దాటాక గౌతమి మొదటిసారి తలెత్తి అత్త ముఖంలోకి చూసింది.

"ఇంకోసారి ఆ ఆవిరి ఈడి ముఖం మీద పెట్టకు అత్తా."

"సంపడానికి పెట్టినానేటే? నా మనవడు కాదేటి ఆడు?"

  నీళ్లు మంచం కోళ్ల దాకా పారి నిలిచిపోయాయి.

భాను ఆరున్నర నెలలకే పుట్టేశాడు. పుట్టినప్పుడు బరువు కిలో కూడా లేదు. తొంభై నాలుగు రోజులు విశాఖపట్నం ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో, గొట్టాల మీద, ఆక్సిజన్ మీద బతికాడు. ప్రాణం నిలబడింది గానీ ఊపిరితిత్తులు మచ్చలు కట్టాయి. ఇంటికొచ్చాక ఏడిస్తే చాలు నీలంగా మారిపోయేవాడు. పోయినవారమే డాక్టరు ధరణి వాడి ముక్కులోంచి వెంట్రుక లాంటి కెమెరా దింపి చూసి, గౌతమికి కూడా తెర మీద చూపించింది. ఊపిరి లోపలికి తీసినప్పుడు గుండ్రంగా ఉన్న దారి, వదిలినప్పుడు రెండు గోడలూ అతుక్కుని సన్నటి గీతైపోతోంది.

ఈ ముక్కుతొడుగు మిషను గాలిని ఒత్తిడితో లోపలికి పంపి, ఆ గోడలు అతుక్కోకుండా పట్టి ఉంచుతుంది. ఇది చాలకపోతే గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. ఆ సంగతి తేల్చడానికే లక్ష్మివారం రమ్మన్నారు.

ఇవాళ సోమవారం.

*

కేకలు విని ఎదురింట్లోంచి బంగారయ్య వచ్చాడు. మంచినీళ్లపేటలో ఆయన చేతి సూది వేయించుకోని ఒళ్లు లేదు. తుఫాను వచ్చి దారులు తెగినప్పుడు కూడా మోకాటి లోతు నీళ్లలో నడిచి మందులిచ్చిన మనిషి. ఊళ్లో ఆయన్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు.

"ఏటమ్మా గౌతమీ, ఆవిరి తీసీసినావంట? పిల్లి కూతలు వినిపిత్తన్నాయి ఆడి గుండెల్లో. అది ఉబ్బసమమ్మా. ముప్పై ఏళ్లుగా సూత్తన్నాను."

"ఉబ్బసం కాదు డాట్రుగారూ. మెత్తటి గొట్టంలోంచి గాలి పోతా ఉంటే వచ్చే సప్పుడది. ఆవిరి పెట్టిన ప్రతిసారీ ఆడికి ఎక్కువవుతాంది. నాను రాసుకున్నాను. మూడుసార్లు పెడితే మూడుసార్లూ నీలమైపోనాడు."

"ఆవిరిలో ఏసే మందు ఊపిరిగొట్టాన్ని వదులు సేత్తాదమ్మా. అందుకే పెడతారు."

"అదే నాను సెప్పేది. ఈడిది ముందే వదులు. ఉన్న కాత్త బిగువూ పోతే ఏటి మిగులుతాది?"

 బంగారయ్య చూపు బల్ల మీదున్న మందుసీసా మీదా, దాని కిందున్న చీటీ మీదా పడింది. చీటీ తీసి కళ్లద్దాలు పైకెత్తి చదివాడు. ఆయన ముఖంలోకి మళ్లీ ధైర్యం వచ్చింది.

"నారాయణమ్మా, ఇది దేని మందో తెల్సా? ముసిలోళ్లకి ఉచ్చ బిగిసిపోతే ఇచ్చే మందు! కావాలంటే పలాసలో ఏ మందుల సాపులోనైనా అడగండి. పసిగుడ్డుకి ఉచ్చ మందు రాసిన డాట్రమ్మ ఆవిడ! ఆవిడ మాట విని నన్ను తప్పుపడతన్నారు."

నారాయణమ్మ చేత్తో నోరు కొట్టుకుంది. "ఓలమ్మో! ఉచ్చ మందేటే? నిజమేనేటే?"

"నిజమే," అంది గౌతమి.

బంగారయ్య కళ్లద్దాలు దించాడు.

"నాకు ముందే తెల్సు. మేడం సెప్పింది. పెద్దోళ్లకి ఉచ్చసంచి కండని బిగపడతాది. పసిపిల్లలకి ఊపిరిగొట్టం ఎనకాల కండని బిగపడతాది. మందొకటే, పని రెండు సోట్ల. వారం నుంచి ఏత్తన్నాను, కాత్త నయంగానే ఉంది. సాలడం లేదు. అందుకే లచ్చివారం ఎల్తన్నాం."

"ఎల్డం లేదు."

ఆ మాట అరుగు మీంచి వచ్చింది. తాతారావు ఇంతసేపూ అక్కడే కూర్చున్నాడు. ఆయన గౌతమి మామ. ఒకప్పుడు బోటు ఇంజినుకి ఎవరు పిలిస్తే వాళ్ల రేవుకి వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. రెండేళ్లయింది, మూత్రపిండాలు పాడై. బుధవారం, శనివారం పలాస వెళ్లి డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. నీరసం వల్ల నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ నెమ్మది మాటకే ఇల్లు కదులుతుంది.

"కన్నం పెట్టి, గొట్టమెట్టి, మిషనుకి కట్టీత్తారు. నాకు తెల్సు. సెప్పీటప్పుడు కొన్నాళ్లే అంతారు. నాకూ అలగే సెప్పినారు. నా ఇంట్లో ఒక్కణ్ని కట్టీసింది సాలు."

"మావా..."

"శివాజీ వచ్చీదాకా ఆ మాటెత్తకు."

శివాజీ ఆమె భర్త. గుజరాత్‌లో వేరావల్ రేవు నుంచి వేటకెళ్లే బోటు మీద ఉన్నాడు. సముద్రం మీదికి పోయి పదకొండు రోజులైంది. ఫోను అందడం లేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ గౌతమి చేస్తూనే ఉంది.

బంగారయ్య చీటీ బల్ల మీద పెట్టేసి నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు. గౌతమి పిల్లాణ్ని పక్కలో పడుకోబెట్టి, గదిలో నీళ్లు గుడ్డతో ఒత్తి తీసింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు లెక్కలు వేస్తోంది. మామని ఎదిరించి బస్సెక్కడం ఆమెకి పెద్ద పని కాదు. డొంకూరులో పుట్టిన పిల్ల. తండ్రితో తెప్ప మీద వెళ్లి అల దాటి వచ్చిన పిల్ల. కానీ గొంతులో గొట్టంతో ఇంటికొచ్చాక రోజుకి ఇరవైనాలుగు గంటలూ పిల్లాడి దగ్గర ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. గొట్టంలో చేరిన కఫం లాగాలి. ఇద్దరు నేర్చుకుంటే గానీ ఇంటికి పంపమని మేడం ఖండితంగా చెప్పింది.

ఒకరు తను. రెండో మనిషి ఈ ఇంట్లో ఎవరు?

*

మంగళవారమంతా ఇంట్లో ముగ్గురూ ఒకరి భుజం పక్క నుంచి ఒకరు తిరిగారు. నారాయణమ్మ చేపల పులుసు వండి కోడలి ముందు పెట్టింది, మాట లేకుండా. గౌతమి తిని గిన్నె కడిగింది, మాట లేకుండా. భాను రెండుసార్లు నీలం తిరిగాడు. రెండుసార్లూ గౌతమే తిప్పుకొచ్చింది. రెండోసారి అంకె తొంభైకి చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. కాగితం మీద రాసుకుంది.

బుధవారం తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. లైను మరమ్మతులట, తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదట.

మిషను బ్యాటరీ మూడు గంటలకి మించి లాగదు.

తాతారావు లుంగీ మార్చుకుని ఆటో కోసం వీధిలో నిలబడ్డాడు. గౌతమి పిల్లాణ్ని గుడ్డతో గుండెకి కట్టుకుని, ఒక చేత్తో మిషను సంచి, ఇంకో చేత్తో ఆక్సిజన్ చిన్న సిలిండరు పట్టుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఎక్కడికే?"

"నీతోటే మావా. నువ్వు పడుకునే కాడ కరెంటుంటాది గదా."

 ఆటో వచ్చాక తాతారావు సిలిండరు తన కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

జీడితోటల మధ్య నుంచి ఆటో పోతున్నంతసేపూ గౌతమి పాదం దగ్గరి అంకెనే చూస్తూ కూర్చుంది. పలాస దగ్గర పడేకొద్దీ జీడిపిక్కలు కాలుస్తున్న ఘాటు వాసన వచ్చింది. పిల్లాడి ముఖం మీద చీర చెంగు కప్పింది.

డయాలసిస్ గదిలో సిస్టరు కుసుమ ముందు ఒప్పుకోలేదు. "పసిపిల్లాణ్ని ఇక్కడికి తెస్తారా? ఎవరికేం జబ్బు ఉందో ఏంటో!" అంది. గౌతమి బ్యాటరీ చూపించింది. ఒకే ఒక్క గీత మిగిలింది. కుసుమ పెద్దాయన వంకా, పిల్లాడి వంకా చూసి, మూల కిటికీ వైపు వేలు చూపించింది.

"ఆ చివర మంచానికి ఇవాళ ఎవరూ రావట్లేదు. దుప్పటి మారుస్తాను. తాతగార్ని పక్క మంచం మీద పెడతాను. నువ్వు కూడా మూతికి మాస్కు పెట్టుకోమ్మా."

అలా ఆ పొద్దున తాతా మనవడూ పక్కపక్క మంచాల మీద, పక్కపక్క ప్లగ్గుల్లో రెండు మిషన్లకి తగిలించుకుని పడుకున్నారు.

గంట గడిచింది. భాను పాలు తాగాడు, ముక్కుతొడుగు తియ్యకుండానే, పొట్టలోకి వేసిన సన్నటి పాలగొట్టం ద్వారా. తర్వాత నిద్రపోయాడు. పొట్ట నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. తాతారావు తల పక్కకి తిప్పుకుని వాణ్నే చూస్తున్నాడు. ఇంట్లో ఆయన ఎప్పుడూ అరుగు మీదే ఉంటాడు. మనవణ్ని ఇంత దగ్గరగా, ఇంతసేపు చూసింది ఇదే మొదటిసారి.

"గౌతమీ."

"ఊఁ మావా."

"ఆ గాలి కొడతాంటే ఆడికి నొప్పెడతాదా?"

"నొప్పైతే నిద్రోడు గదా. నీకు నొప్పెడతాదేటి?"

"సూది గుచ్చినప్పుడే. తర్వాత నొప్పి కాదు. కట్టీసినట్టుంటాది." కదపకూడని చేతి వంక చూసుకున్నాడు. "రేవులో ఏ ఇంజిను ఆగిపోనా నా కోసం వచ్చీవోలు. ఇప్పుడు ఈ మంచం కాడికి నాను రావాల. దాహమేసినా కొలిసి తాగాల. ఇలాటి బతుకు ఆ గుంటడికి వద్దనే... నీ మీద కోపం కాదే నాది."

ఇంత మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు.  గౌతమి చెప్పాల్సింది కటువైన మాట. ఎలా చెప్పినా కటువే అని తెలుసుకుని చెప్పింది.

"నీ కిడ్నీలు మళ్లీ రావు మావా. తప్పుగా అనుకోకు. ఆడి గొట్టం పాడైపోనాది కాదు, ఇంకా తయారవుతా ఉన్నాది. పెరిగేకొద్దీ గట్టిపడతాది. ఏడాదో, రెండేళ్లో, మేడం తేదీ సెప్పలేదు. కానీ పెరగాలంటే పాలు తాగాల. పాలు తాగాలంటే ఊపిరి ఆడాల. ఇప్పుడు ఆడి ఓపికంతా ఊపిరికే అయిపోతాంది. ఏడు నెలలకి నాలుగు కిలోలు లేడు. ఆ గొట్టమెడితే ఆడి ఓపిక ఆడికి మిగులుతాది."



"నీళ్లు లాగే మెత్త పైపు ఉంటాది సూడు, బోటు మీద," అన్నాడు తాతారావు. "లోపల తీగ సుట్ట లేకపోతే లాగీటప్పుడు అతుక్కుపోద్ది. ఇంజినుది తప్పు కాదు. పైపుది తప్పు."

"అదే మావా. తీగ సుట్ట ఇంకా రాలేదు ఆడికి. అంతే."

"మరి కన్నం?"

"గట్టిపడ్డాక గొట్టం తీసీత్తారు. మచ్చ ఉంటాది." గౌతమి భాను దుప్పటి సర్దింది. "ఇంకొకటుంది. గొట్టమున్నన్నాళ్లూ ఏడుపు సరిగా ఇనపడదు. ఆడు ఏడిసినా మనకి సప్పుడు రాదు."

 వారం రోజులుగా ఎవరితోనూ అనని మాట అది.

"ఇనపడకపోతే ఎలా తెలుత్తాది?"

"ముఖం సూడాల మావా. ఎవరో ఒకరు ఎప్పుడూ ముఖం సూత్తానే ఉండాల."

*

పదకొండు దాటాక అవతల మంచం దగ్గర స్టీలు ట్రే జారి కింద పడింది. గది గింగురుమంది.

భాను ఉలిక్కిపడి లేచాడు. నోరు తెరిచాడు. ఒక్క కేక వచ్చింది, రెండోది రాలేదు.

గౌతమి అప్పటికే వాణ్ని ఎత్తుకుంది. బోర్లా తిప్పింది. వీపు నిమిరింది. ముక్కుతొడుగు బిగించింది. అంకె డెబ్భై. అరవై ఒకటి. యాభై రెండు. ఒళ్లు విల్లులా బిగుసుకుపోయింది. పెదాల నీలం బుగ్గలకి పాకింది.

"సిస్టరమ్మా! ఆక్సిజన్ గోడ నుంచి ఇయ్యండి, పూర్తిగా!"

సంచిలోంచి, చేత్తో నొక్కి ఊపిరి పోసే బుడగ తీసింది. పిల్లాణ్ని మంచం మీద వెల్లకిలా వేసి, మెడ కింద మడిచిన తువ్వాలు దోపి, మాస్కు అదిమిపట్టి బుడగ నొక్కింది. వదిలింది. ఆగింది. మళ్లీ నొక్కింది.

కుసుమ పరుగున వచ్చి చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు, నేను చేస్తాను. గబగబా కొట్టాలి!"

"గబగబా వద్దు సిస్టరమ్మా. ఈడికి గాలి లోపలికి పోతాది, బయటికి రాదు. వచ్చీదాకా ఆగాల. మీరు అంకె సెప్పండి."

కుసుమ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నలభై ఎనిమిది," అంది. తర్వాత, "యాభై." తర్వాత చాలాసేపు, "యాభై. యాభైయే అమ్మా."

 మంచాల మీద ఉన్నవాళ్లందరూ తలలు ఎత్తి చూస్తున్నారు. తాతారావు లేవబోయాడు. చేతికున్న గొట్టాలు లాగాయి. ఆయన మిషను కీచుమని అరిచింది. ఆయన మళ్లీ దిండు మీద వాలిపోయి, మనవడి ముఖం మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

నొక్కు. వదులు. ఆగు.

"అరవై నాలుగు. డెబ్భై. ఎనభై! వచ్చేస్తున్నాడమ్మా, వచ్చేస్తున్నాడు!"

నాలుగు నిమిషాలు. భాను ఒళ్లు వదులైంది. కళ్లు తెరిచి, తల్లి ముఖాన్ని వెతికి పట్టుకున్నాడు. గౌతమి ముక్కుతొడుగు మళ్లీ బిగించి, కాగితం తీసి సమయం రాసుకుని, అప్పుడు ఫోను చేసింది. డాక్టరు ధరణి రెండో రింగుకే ఎత్తింది.

"చెప్పు గౌతమీ. సోమవారం నుంచి ఎన్ని?"

"నాలుగు మేడం. ఒకటి ఆవిరెట్టినాక వచ్చింది. ఇదే పెద్దది. నలభై ఎనిమిదికి దిగింది. బుడగ కొట్టాల్సి వచ్చింది."

"రేపటి దాకా ఆగొద్దు. ముక్కుతొడుగుతో ఇక లాగలేం, వాడికి అంతకంటే గట్టి ఆసరా కావాలి. 108లో బయల్దేరు. వాళ్లతో నేను మాట్లాడతాను. ఇక్కడ మంచం సిద్ధం చేయిస్తాను. దారిలో నువ్వే పిల్లాడి తల దగ్గర కూర్చో. వాడి సంగతి నీకే బాగా తెలుసు."

"అలగే మేడం."

ఫోను పెట్టేసి మామ వైపు తిరిగింది. ఈసారి అడగదలుచుకోలేదు. చెప్పదలుచుకుంది. ఆమె నోరు తెరిచే లోపే తాతారావు అన్నాడు.

"సిస్టరూ, నన్ను ఇప్పీ."

"ఇంకా గంటన్నర ఉంది తాతగారూ."

"గంటన్నరలో ఆడు సికాకులం దాటాల. ఇప్పీ. శనివారం వచ్చి ఇంకో గంట ఎక్కువ పడుకుంటాను."

కుసుమ లోపలికెళ్లి డాక్టర్ని అడిగి, కాగితం తెచ్చింది. మధ్యలో ఆపినందుకు తనదే బాధ్యత అని రాసున్న కాగితం. తాతారావు చదవకుండానే సంతకం పెట్టాడు. ఒంట్లోకి రక్తం తిరిగి చేరాక, సూదులు తీసి పట్టీ వేస్తుంటే కుసుమని ఏదో అడిగాడు. తర్వాత లేచి, నిలదొక్కుకుని, చివర మంచం దగ్గరికొచ్చాడు.

"ఇద్దరు నేర్సుకోవాలన్నావు గదా ఆ గొట్టం పని."

గౌతమి ఆశ్చర్యంగా చూసింది. ఆ మాట ఆయనతో తానెప్పుడూ అనలేదు. ఫోనులో మేడంతో మాట్లాడుతుంటే అరుగు మీంచి విని ఉంటాడు.

"అవును మావా."

"రెండోది నాను. బుధవారం, శనివారం కాకుండా మిగతా రోజులు ఖాళీయే గదా. పిల్లాడి ముఖం సూత్తా కూకోడానికి ఓపిక అక్కర్లేదు."

*

తాతారావు ఇంటికి ఫోను చేసి నారాయణమ్మకి చెప్పేసరికి అంబులెన్సు టెక్కలి దాటింది. పెద్ద రోడ్డు మీద కుదుపులు తగ్గాయి. భాను అంకె తొంభై మూడు దగ్గర నిలకడగా ఉంది. గౌతమి వాడి తల దగ్గర, చేతి బుడగ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా తాతారావు, మోచేతి పట్టీ మీద రెండో చెయ్యి వేసుకుని.

కోటబొమ్మాళి వస్తుండగా ఆయన ఫోను మోగింది. పేరు చూసి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అంబులెన్సు మోతలో వినపడదని స్పీకరు నొక్కాడు.

"నాన్నా! అంబులెన్సు ఎక్కీసినారంట?"

శివాజీ గొంతు. పదమూడు రోజుల తర్వాత.

"ఎవలు సెప్పినారురా? నువ్వు సముద్రం మీద ఉన్నావు గదేటి?"

"ఆదివారమే ఒడ్డుకొచ్చినాం నాన్నా. అమ్మ ఫోను సేసింది. పిల్లాడి గొంతు కోత్తారని ఏడిసింది. గౌతమికి సెప్పొద్దంది. ఫోను ఆపీసి ఆ పూటే రైలెక్కీసినాను. ఇప్పుడు ఇశాపట్నంలో, ఆసుపత్రి గేటు కాడున్నాను."

గౌతమి చెయ్యి భాను తల మీదే ఉంది. కదలలేదు. పులుసు గిన్నె ముందు పెట్టి మాట్లాడకుండా నిలబడిన అత్త ముఖం ఇప్పుడు అర్థమైంది.

"నాను సూడకుండా ఆడి మీద కత్తి పడదు నాన్నా. దానికి సెప్పు."

తాతారావు ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "ఒరే, తల్లి సంతకం సాలంట. కట్టు కడతంటే సిస్టర్ని అడిగినాను."

 అటు నుంచి బస్సు హారను వినిపించింది.

"సాలుద్దేమో. తండ్రి ఎదురుగా నిలబడి వద్దంతే? అప్పుడూ సాలుద్దేటి?"

 ఆ సంగతి తాతారావు సిస్టర్ని అడగలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా ఒళ్లోకి దిగింది.

గౌతమి వంగి ఫోను అందుకుంది.

"బావా, నాను."

"గౌతమీ, నా మాట..."

"ముందు నా మాట ఇను. గేటు కాడే ఉండు, ఎక్కడికీ పోకు. నిన్ను ఒప్పించడానికి నా కాడ మాటల్లేవు. ఆడు మళ్లీ ఏడుత్తాడు. ఏడిసి నీలమైపోతాడు. అప్పుడు ఈ బుడగ నీ సేతికిత్తాను. ఎలా నొక్కాలో సెప్తాను. నాలుగు నిమిషాలు నువ్వు ఆడికి ఊపిరి పొయ్యి. పోసినాక నా ముఖం సూసి సెప్పు, వద్దని."

గౌతమి ఒళ్లోని బుడగ మీద చెయ్యి వేసింది. 

"కాయితం మీద ముందు నాను పెడతాను సంతకం," అంది గౌతమి. "కింద నీకు సోటు ఉంచుతాను."

ఫోను కట్ చెయ్యకుండానే మంచం అంచున పెట్టి, భాను ముక్కుతొడుగు పట్టీ సరిచేసింది. అద్దంలోంచి హరిశ్చంద్రపురం బోర్డు వెనక్కి పోయింది. ఫోను తెర మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. శివాజీ లైనులోనే ఉన్నాడు.